లైను చివర విరిగే మాటలు

(విజయవాడలో అనువాదకులు, ఉపాధ్యాయులు, చిన్న పత్రికలు నడిపేవాళ్ళు కలిసిన ఒక సాయంత్రం చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. నేను మాటకారిని కాదు, డీటీపీ పని, అంటే కంప్యూటరులో పుస్తకాల పేజీలు కూర్చే పని చేసుకునేవాణ్ణి. అందుకని నేను చేసిన ఒక తప్పు చెప్పి మొదలుపెడతాను.

చాలా ఏళ్ళ కిందట ఒక రిటైరైన చరిత్ర మాస్టారి పుస్తకం మైక్రోసాఫ్ట్ వర్డులో కూర్చాను. 180 పేజీలు. రెండు వైపులా అంచులు సమంగా ఉండాలన్నారాయన. తెలుగు మాటలు ఎంత పొడుగో మీకు తెలుసు. ‘చేయవలసివచ్చినప్పటికీ’ లాంటిది లైను చివర పట్టకపోతే వర్డు దాన్ని మొత్తంగా కిందికి తోసేస్తుంది. పై లైనులో మిగిలిన నాలుగు మాటల మధ్య ఆటో తిరిగేంత ఖాళీ. (నవ్వులు) నాకు చూడబుద్ధి కాలేదు. అలాంటి చోటల్లా మాటని మధ్యలో విరిచి, చేత్తో ఒక చిన్న గీత కొట్టాను. రెండు రాత్రులు కూర్చున్నాను. పేజీలు ముత్యాల్లా వచ్చాయని మురిసిపోయాను.

మాస్టారు చూశారు. ‘బాగుంది గానీ, అక్షరం చిన్నదయ్యా. నా వయసు వాళ్ళు చదవద్దూ? ఒక్క పాయింటు పెంచు’ అన్నారు. 12 కాస్తా 13 అయింది. అంతే, లైన్లన్నీ కదిలిపోయాయి. నేను కొట్టిన గీతలు మాత్రం కొట్టిన చోటే ఉన్నాయి. ‘విశ్వ-విద్యాలయం’ లైను మధ్యలో, ‘స్వాతంత్ర్యో-ద్యమం’ లైను మొదట్లో. టెన్షన్ పట్టుకుంది. తెలివిగా ఫైండ్-రీప్లేస్ తెరిచి, హైఫన్ ఉన్న ప్రతిచోటా దాన్ని తీసెయ్యమన్నాను. ఒక్క నొక్కుతో పోయాయి. మర్నాడు మాస్టారి ఫోను. ‘ఏమోయ్, ఈ 194748 ఏ శకం?’ (నవ్వులు) 1947-48 అన్నమాట. ‘జూన్-జులై’ అయితే ‘జూన్జులై’ అయింది. చరిత్ర పుస్తకంలో సంవత్సరాల మధ్య గీత పోతే ఇంకేముంది?

ఆ రోజు నుంచి నాకు ఒకటి బోధపడింది. లైను చివర మాట విరిగిందంటే, దాన్ని ఆ లైను చివర బాగుచెయ్యకూడదు. ఎందుకు విరిగిందో వేరే చోట వెతకాలి. ఇవాళ ఆ వెతుకులాట గురించే చెబుతాను.

అసలు తెలుగులో మాట విరగడం తప్పా అంటే, నిన్న మొన్నటిదాకా కాదు. తాళపత్రం చూసినవాళ్ళు ఇక్కడ ఉండే ఉంటారు. మాటకీ మాటకీ మధ్య ఖాళీయే ఉండదు. ఆకు అయిపోయిన చోట లైను అయిపోతుంది, మిగతా అక్షరం కింద లైనులో. అచ్చు వచ్చాక మాటల మధ్య ఖాళీ వచ్చింది గానీ, సీసపు అచ్చులు పేర్చే కంపోజిటరు లైను నిండగానే అక్షరం దగ్గర ఆపేసేవాడు. చాలాసార్లు గీత కూడా పెట్టేవాడు కాదు. పాత పుస్తకం ఏదైనా తెరవండి, ‘విశ్వవిద్యా’ పై లైనులో, ‘లయం’ కింద లైనులో, మధ్యలో ఏ గుర్తూ లేకుండా కనిపిస్తుంది. మన తాతలు ఇబ్బంది లేకుండా చదువుకున్నారు. వాళ్ళు పాటించిన నియమం ఒక్కటే, అక్షరాన్ని విరవకూడదు. ఒత్తు కింద లైనుకి పోకూడదు, సున్న లైను మొదట్లో ఒంటరిగా కూర్చోకూడదు.

ఇంగ్లీషు వాళ్ళకి ఇది ఇంత తేలిక కాదు. ఎక్కడ విరవాలో స్పెల్లింగు చూస్తే తెలియదు. 1983లో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో కంప్యూటరు శాస్త్రవేత్త డొనాల్డ్ కనూత్ దగ్గర చదివిన ఫ్రాంక్ లియాంగ్ అనే ఆయన ఈ ఒక్క విషయం మీదే పీహెచ్‌డీ చేశారు. ఇంగ్లీషు మాటల్ని కంప్యూటరు చేత విరిపించడానికి 4447 అక్షర నమూనాలు తయారుచేశారు. తమాషా ఏమిటంటే ఆ థీసిస్ పేరులోనే మాటల్ని ముక్కలు చేసి మధ్యలో గీతలు పెట్టారు. ఆ పద్ధతే నేటికీ చాలా ప్రోగ్రాములకి ఆధారం. కేరళకి చెందిన సంతోష్ తొట్టింగళ్ అదే దారిలో తెలుగుతో సహా మన దేశ భాషలు కొన్నిటికి నమూనాలు రాశారు. మన లిపిలో అక్షరం ఎక్కడ ముగుస్తుందో రాతలోనే కనిపిస్తుంది కాబట్టి ఆ జాబితా చాలా చిన్నది. వర్డు లాంటిదే అయిన ఉచిత ప్రోగ్రాము లిబ్రెఆఫీసులో తెలుగు హైఫనేషన్, అంటే లైను చివర మాటని గీతతో విరిచే సదుపాయం, దొరుకుతుందంటే ఆ పుణ్యమే.

సరే, పనిలోకి వద్దాం. మీ ఫైలులో మాట విరిగింది. చెయ్యి హైఫన్ మీదికీ ఎంటర్ మీదికీ పోకముందు ఒక పని చెయ్యండి. వర్డు హోమ్ ట్యాబులో తిరగేసిన ‘పి’ లాంటి గుర్తు ఉంటుంది, ఇదిగో ఇలా, ¶. దాన్ని నొక్కండి. కంట్రోల్, షిఫ్ట్, 8 కలిపి నొక్కినా అదే. ఇన్నాళ్ళూ కనబడకుండా ఫైలులో కాపురం చేస్తున్నవన్నీ బయటికి వస్తాయి. మామూలు స్పేస్ నడిమధ్య చుక్కలా కనిపిస్తుంది. ఎంటర్ కొట్టిన చోట ఈ ¶ గుర్తు. షిఫ్ట్ పట్టుకుని ఎంటర్ కొట్టిన చోట వంకర బాణం. మడతపడ్డ గీతలాంటిది ¬ కనిపిస్తే అది ఆప్షనల్ హైఫన్, అంటే లైను చివరికి వస్తేనే కనిపించి, లేకపోతే దాక్కునే హైఫన్. చిన్న సున్న పైకి తేలినట్టు ° కనిపిస్తే అది విరగని స్పేస్. ఈ గుర్తులేవీ ప్రింటులో రావు, భయపడకండి. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, ఒకాయన ఇవి ప్రింటవుతాయని అన్నిటినీ కూర్చుని చెరిపేశారు. పేరాలన్నీ ఒకే పేరా అయిపోయింది.

ఇప్పుడు విరిగిన మాట దగ్గర ఏ గుర్తు ఉందో చూడండి. ¶ గానీ వంకర బాణం గానీ ఉంటే ఎవరో చేత్తో లైను కొట్టారు. తీసెయ్యండి, అయిపోయింది. మామూలు గీత ఉంటే నాలాంటివాడు ఎవడో చేత్తో పెట్టాడు. అదీ తీసెయ్యండి, కానీ ఒక్కొక్కటి చూసి. రీప్లేస్ ఆల్ జోలికి పోవద్దు, 194748 గుర్తుంచుకోండి. మడత గీత ¬ ఉంటే అది వేరు. అది మాట విరవడానికి మాత్రమే పుట్టింది, సంవత్సరాల మధ్య ఎవరూ పెట్టరు. కాబట్టి దాన్ని ధైర్యంగా ఒకేసారి తీసెయ్యొచ్చు. కంట్రోల్ హెచ్ నొక్కి, వెతికే గడిలో క్యారెట్ గుర్తు, దాని పక్కన మైనస్, అంటే ^- కొట్టి, రెండో గడి ఖాళీగా వదిలి రీప్లేస్ ఆల్. ఆ 180 పేజీలకి నేను మొదట్నుంచీ మామూలు గీత బదులు కంట్రోల్ మైనస్ కొట్టి ఉంటే, అక్షరం పెంచగానే అవన్నీ వాటంతటవే దాక్కునేవి. రెండు రాత్రుల నిద్ర మిగిలేది.

విరిగిన చోట గీత కనిపిస్తోంది, కర్సర్ పెడితే అది చేతికి చిక్కడం లేదు, చెరపబోతే పోవడం లేదు. అలాంటప్పుడు ఆటోమేటిక్ హైఫనేషన్ నడుస్తోందన్నమాట. లేఅవుట్ ట్యాబులో హైఫనేషన్ అని ఉంటుంది, దాన్ని నన్ (None) చెయ్యండి, అంటే ఆపెయ్యండి. ఫైలు మొత్తానికి అక్కర్లేదు, ఈ ఒక్క పేరాలో వద్దు అనుకుంటే పేరాగ్రాఫ్ పెట్టెలో రెండో ట్యాబులో ‘డోంట్ హైఫనేట్’ అని ఉంది, దానికి టిక్ పెట్టండి. ఒక మెలిక ఉంది. అదే మెనూలో మాన్యువల్ అని ఇంకోటి ఉంటుంది. గతంలో ఎవరైనా దాన్ని నడిపి ఉంటే అది మడత గీతల్ని ఫైలులో నాటి పోతుంది. నన్ చేసినా అవి పోవు. ఇందాక చెప్పిన ^- తోనే పోతాయి.

పాత ఫాంట్లతో పనిచేసేవాళ్ళకి ఇక్కడే పెద్ద చిక్కు. అను ఫాంట్లు గానీ, యూనికోడ్ (ప్రతి భాష అక్షరాలకీ సొంత సంఖ్యలిచ్చే ఉమ్మడి పద్ధతి) కాని ఇంకేవైనా గానీ, వాటిలో మీకు కనిపించేది తెలుగు, కంప్యూటరుకి కనిపించేది ఇంగ్లీషు అక్షరాల గుట్ట. ‘స్త్రీ’ అంటే మనకి ఒక్క అక్షరం, దానికి మూడు నాలుగు ముక్కలు. హైఫనేషన్ నడుస్తుంటే అది ఆ గుట్టని ఇంగ్లీషు మాట అనుకుని, తోచిన చోట నరుకుతుంది. తలకట్టు పైన, ఒత్తు కింద. సీసపు అచ్చుల రోజుల్లో కూడా జరగని ఘోరం ఇది. పైగా కొన్ని ఫాంట్లలో తెలుగు ముక్కల్ని హైఫన్ లాంటి గుర్తుల స్థానంలో కూర్చోబెట్టారు. అలాంటి ముక్క వచ్చిన చోట, హైఫనేషన్ ఆపేసినా సరే, ఇక్కడ విరవొచ్చు కాబోలు అనుకుంటుంది ప్రోగ్రాము. దీనికి నా దగ్గర పూర్తి మందు లేదు. ఫైలు మొత్తం సెలెక్ట్ చేసి, రివ్యూ ట్యాబులో లాంగ్వేజ్ దగ్గర ‘స్పెల్లింగ్, గ్రామర్ చూడొద్దు’ అన్న దానికి టిక్ పెడితే వర్డు ఆ మాటల్ని హైఫనేట్ చెయ్యడం మానేస్తుంది. అసలు మందు యూనికోడులోకి మార్చుకోవడమే. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చినప్పటి నుంచీ ఆ దారి తెరిచే ఉంది. ప్రెస్సులు అడుగుతాయి కాబట్టి పాత ఫాంట్లు వదల్లేకపోతున్నామంటారా, ఆ కష్టం నాకూ తెలుసు.

ఇక నా దగ్గరికి ఎక్కువగా వచ్చే రోగం చెబుతాను. మాట విరిగింది, గీత లేదు, ఏ గుర్తూ లేదు, సెట్టింగులన్నీ సవ్యంగా ఉన్నాయి. అయినా ‘అమరా’ పైన, ‘వతి’ కింద. ఒక టీచరుగారు ఇలాంటి ఫైలు తెచ్చి ‘మా ల్యాపుటాపుకి వైరస్ పట్టిందండీ’ అన్నారు. ¶ నొక్కి చూస్తే మాటల మధ్య చుక్కల బదులు వరసగా చిన్న సున్నలు. ప్రతి స్పేసూ విరగని స్పేసే. వెబ్ పేజీ నుంచో మెయిలు నుంచో కాపీ చేసినప్పుడు ఇవి దిగుమతి అవుతుంటాయి. ఏం జరుగుతుందో చూడండి. విరగని స్పేస్ అంటే ‘ఇక్కడ విరవద్దు’ అని. పేరాలో ఉన్న ప్రతి ఖాళీ అలాగే అంటుంటే, కంప్యూటరు లెక్కలో పేరా మొత్తం ఒకే మాట. లైనులో పట్టని మాటని ఏం చేస్తుంది పాపం? అంచు తగిలిన చోట నరుకుతుంది. విరవొద్దని ఎక్కడపడితే అక్కడ రాసిపెట్టినందుకే విరుగుతోందన్నమాట. కంట్రోల్ హెచ్, వెతికే గడిలో క్యారెట్ పక్కన చిన్న ఎస్, రెండో గడిలో ఒక మామూలు స్పేస్, రీప్లేస్ ఆల్. ఆవిడ ఫైలు బాగవడానికి పది సెకన్లు పట్టలేదు. ‘ఇంతేనా!’ అని ఆవిడ అంటే డబ్బులు అడగబుద్ధి కాలేదు.

అలాగని విరగని స్పేస్ శత్రువేం కాదు. కంట్రోల్, షిఫ్ట్, స్పేస్ కలిపి నొక్కితే అది వస్తుంది. దాని అసలు ఉపయోగం మనకున్నంతగా ఇంకెవరికీ ఉండదేమో. మన ఇంటిపేర్లు, పొట్టి అక్షరాలూ పేరుకి ముందు వస్తాయి కదా. ‘పి. వి.’ పై లైను చివర, ‘నరసింహారావు’ కింద లైను మొదట. చదివేవాడు ఒక క్షణం తడబడతాడు. ‘రూ.’ ఇక్కడ, ‘500’ అక్కడ. ‘డా.’ ఒంటరిగా. పెళ్ళి శుభలేఖలో ‘చి. ల. సౌ.’ పై లైనులో ఆగిపోయి, అమ్మాయి పేరు కింద పడితే, ఆడపెళ్ళివారు కార్డు వెనక్కి పంపుతారు. నాకు పంపారు కూడా. ‘గారు’ సంగతి సరేసరి. పేరుకి దూరంగా కొత్త లైను మొదట్లో ‘గారు’ ఒక్కటే నిలబడితే మర్యాద తెగిపోయినట్టుంటుంది. ఇలాంటి చోట్ల మామూలు స్పేస్ చెరిపి విరగని స్పేస్ పెట్టండి. ‘1947-48’ కూడా లైను చివర విరిగిపోతుంటే కంట్రోల్, షిఫ్ట్, మైనస్ కొట్టండి, అది విరగని హైఫన్.

కామాకీ చుక్కకీ ముందు స్పేస్ కొట్టే అలవాటు కూడా మనలో చాలామందికి ఉంది. ‘వచ్చాడు’ అని రాసి, ఒక స్పేస్ వదిలి, అప్పుడు చుక్క. ఆ చుక్క తాపీగా కింద లైను మొదట్లోకి వెళ్ళి కూర్చుంటుంది. ఆ అలవాటు మానుకోండి, అంతకన్నా చెప్పడానికేం లేదు.

థీసిస్ రాసేవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? మీకొక ముక్క. తెలుగు బాగానే ఉంటుంది, చివర్లో ఇచ్చిన ఇంగ్లీషు పుస్తకాల పేర్లు మాత్రం గీత కూడా లేకుండా ‘ఇంటర్నే’ దగ్గర తెగి, ‘షనల్’ కింద పడతాయి. చైనీస్, జపనీస్ సెట్టింగులున్న కంప్యూటరులో పుట్టిన టెంప్లేటు మీ చేతికి వచ్చిందన్నమాట. ఆ భాషల్లో ఏ అక్షరం దగ్గరైనా లైను విరవొచ్చు, ఆ స్వేచ్ఛని ఇంగ్లీషుకీ ఇచ్చేశారు. పేరాగ్రాఫ్ పెట్టెలో ఏషియన్ టైపోగ్రఫీ అనే ట్యాబు కనిపిస్తే, లాటిన్ మాటని మధ్యలో విరవనిచ్చే టిక్ అందులో ఉంటుంది, తీసెయ్యండి. ఒక్కో పేరాకి కాకుండా నార్మల్ స్టైలులోనే తీసేస్తే మళ్ళీ మళ్ళీ రాదు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన సంగతి. ‘సాఫ్ట్‌వేర్’ అని ఎలా టైపు చేస్తారు? పొల్లు ‘ట్’ పక్కన ‘వే’ కొడితే రెండూ అతుక్కుని ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. అతుక్కోకుండా మధ్యలో ఒక కనిపించని గుర్తు పెడతాం. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, దాని యూనికోడ్ సంఖ్య మామూలు పదుల లెక్కలో 8204. మన కీబోర్డుల్లో చాలావాటికి దీనికో మీట ఉంది, పేరు తెలియకుండానే రోజూ వాడుతున్నాం. యూనికోడ్ నియమాల ప్రకారం ఇది అక్షరాల్ని అతుక్కోనివ్వదు, అంతవరకే దాని పని. లైను విరవడానికి అది అనుమతి కాదు. కానీ వర్డులో ఇన్సర్ట్, సింబల్, స్పెషల్ క్యారెక్టర్స్ తెరిచి చూడండి. ఇదే గుర్తుకి అక్కడ పెట్టిన పేరు ‘నో విడ్త్ ఆప్షనల్ బ్రేక్’. అంటే కావాలంటే ఇక్కడ విరుచుకో అని! అందుకే బ్రౌజరులో చక్కగా ఉన్న పేరా వర్డులోకి రాగానే ‘సాఫ్ట్’ పైన, ‘వేర్’ కింద. ‘ఫేస్’ పైన, ‘బుక్’ కింద. ఇవైనా పరవాలేదు, అతుకు దగ్గరే విరిగాయి. ‘బస్‌లో’ అని రాస్తే ‘బస్’ పైన ఉండి ‘లో’ ఒక్కటే కిందికి జారుతుంది. అదీ చిరాకు.

ఒక కుర్రాడు దీన్ని కనిపెట్టి, 8204 ఉన్న ప్రతిచోటా చెరిపేశాడు. విరగడం ఆగింది, కానీ ‘ఫేస్బుక్’, ‘సాఫ్ట్వేర్’, ‘బస్లో’ అని పుస్తకమంతా ఒత్తులే ఒత్తులు. దయచేసి ఆ పని చెయ్యకండి. నా పద్ధతి వేరు. అది కంప్యూటరుది కాదు, మన భాషది. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది. బయటి నుంచి వచ్చిన మాటకి చివర ‘ఉ’ చేర్చి మనవాళ్ళు ఎప్పుడో సొంతం చేసుకున్నారు. ‘బస్‌లో’ బదులు ‘బస్సులో’ అనండి. ‘ఫోన్‌కి’ బదులు ‘ఫోనుకి’. ‘కంప్యూటర్‌తో’ బదులు ‘కంప్యూటరుతో’. నేను ఇందాకటి నుంచీ ‘వర్డులో’ అంటున్నాను, గమనించారా? అలా రాస్తే కనిపించని గుర్తు అక్కర్లేదు, అది లేకపోతే విరగడమూ లేదు, చదవడానికీ హాయి. ‘ల్యాపుటాపు’ అన్నప్పుడు కొందరు నవ్వారు, పరవాలేదు. పేర్ల విషయంలో మాత్రం ఈ పప్పులుడకవు. కంపెనీ పేరు, ఊరి పేరు ఎలా ఉంటే అలా ఉంచాల్సిందే. అక్కడ విరిగితే ముందున్న ఏదో ఒక మాట మార్చి లైను సర్దుకుంటాను.

పాత పుస్తకాల్ని స్కాన్ చేసి అక్షరాలుగా మార్చుకునేవాళ్ళకి ఒక హెచ్చరిక. గీతతో విరిగినవైతే వెతికే గడిలో -^p కొట్టి, ఒక్కోటీ చూసుకుంటూ కలపొచ్చు. కానీ మన పాత కంపోజిటర్లు గీత పెట్టలేదని చెప్పాను కదా. లైన్లన్నీ కలిపేటప్పుడు మధ్యలో స్పేస్ పడి, ‘తలపాగా’ కాస్తా ‘తల పాగా’ అవుతుంది. ‘విశ్వవిద్యా లయం’. స్పెల్ చెకరు ‘లయం’ కింద ఎర్ర గీత పెట్టదు, లయం కూడా మంచి తెలుగు మాటే కాబట్టి. ‘కలవారింటి పిల్ల’ని ‘కల వారింటి పిల్ల’ చేస్తే డబ్బున్నావిడ కలలో మనిషి అయిపోతుంది. దీనికి యంత్రం లేదు. బొమ్మ పక్కన పెట్టుకుని ప్రతి లైను చివరా, తర్వాతి లైను మొదలూ కంటితో చూసుకోవాలి.

ఇక ఆ ఆటో తిరిగే ఖాళీల సంగతి. విరవకపోతే ఖాళీలొస్తాయి, ఖాళీలొద్దంటే విరవాలి. నా అభిప్రాయం అడిగితే, వెడల్పు తక్కువ ఉన్న కాలమ్ అయితే జస్టిఫై చెయ్యకండి. ఎడమ అంచు మాత్రం సమంగా ఉంచి, కుడివైపు ఎగుడుదిగుడుగా వదిలెయ్యండి. మనవాళ్ళకి అది అసంపూర్తిగా కనిపిస్తుంది, ‘సెట్టింగు చెయ్యలేదా?’ అని అడుగుతారు. అడగనివ్వండి. పూర్తి వెడల్పు పుస్తకమైతే జస్టిఫై చేసి, మరీ వికారంగా ఉన్న నాలుగైదు చోట్ల కంట్రోల్ మైనస్. అదీ అన్నిటికన్నా చివర్న. పేజీ సైజు, ఫాంటు, అక్షరం పాయింటు, మార్జిన్లు, అన్నీ ఖాయమయ్యాక, రచయిత ‘ఇక మార్చను’ అని మాటిచ్చాక. మా మాస్టారు అలా మాటిచ్చి మూడుసార్లు మార్చారు, అది వేరే కథ.

(సభలోంచి ఒకరు: మా సంస్థ సావనీరు 300 పేజీలండీ. పదిమంది పది కంప్యూటర్లలో టైపు చేశారు. మీరు చెప్పిన రోగాలన్నీ ఉన్నట్టున్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?)

ముందు ఫైలుకి ఒక నకలు తీసి పక్కన పెట్టండి. తర్వాత హైఫనేషన్ నన్. తర్వాత విరగని స్పేసులన్నీ మామూలు స్పేసులు చెయ్యండి, మడత గీతలన్నీ తీసెయ్యండి. ఈ మూడూ ఐదు నిమిషాల పని, వీటివల్ల చెడేది దాదాపు ఏమీ లేదు. ఎవరైనా ఇంటిపేర్ల దగ్గర కావాలని పెట్టిన విరగని స్పేసులు పోతాయి, వాటిని మళ్ళీ పెట్టుకోవాలి. మామూలు గీతలూ, చేత్తో కొట్టిన ఎంటర్లూ మాత్రం పేజీ పేజీ చూడాల్సిందే, వాటికి ఒకరిద్దరు కూర్చోవాలి. ఫైలు తెచ్చారా? పెన్‌డ్రైవులో ఉందా? ఇటివ్వండి, ప్రొజెక్టరు ఉంది కదా. ¶ నొక్కి మొదటి పేజీ అందరం కలిసి చూద్దాం.